భోజనాల దాకా పూనిక

2087 నాటికి విశాఖపట్నంలో మనుషులు ఎదురుపడితే "బాగున్నారా?" అని అడగడం మానేశారు. "ఎంతలో ఉన్నారు?" అని అడిగేవారు. అవతలివాళ్ళు ముంజేయి పైకెత్తి, చేతికట్టు మీద వెలుగుతున్న అంకెను చూపించేవారు. ఎనభై దాటినవాళ్ళు చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని తిరిగేవారు. యాభైకి దిగినవాళ్ళు చలేస్తోందని వాటిని కిందికి లాక్కునేవారు. మే నెలలో విశాఖలో చలేమిటని ఎవరూ అడగకపోవడం ఆ కాలపు మర్యాద.

అట్ల బండికి "నేటి పూనిక 87" అని పలక వేలాడేది. పెళ్ళిచూపుల్లో జాతకం కన్నా ముందు ఈ అంకె అడిగేవారు. అటు తొంభై, ఇటు తొంభై ఉంటే ఇక లగ్నం పెట్టుకోవడమే తరువాయి. ఆ పెళ్ళిళ్ళు తరవాత ఎలా సాగాయన్నది మాత్రం ఎవరూ లెక్క రాయలేదు.

ఆ కట్టు పేరు పూనికమాపి. అందులోని చర్మస్పర్శక సెన్సర్ ఒంట్లోని డోపమైన్ జాడనూ, గుండె లయనూ, కండరాల సన్నద్ధతనూ క్షణక్షణం పసిగడుతుంది. మనసులో ఆ నిమిషాన ఏ పని మెదులుతుంటే, దాని మీద మనిషికి ఎంత పూనిక ఉందో సున్నాకీ వందకీ మధ్య ఒక అంకెగా చెబుతుంది. కనిపెట్టినవాడు డాక్టర్ కౌస్తుభ్. యాభై రెండేళ్ళవాడు, ఒంటరివాడు, మంచివాడు. అతని అంకె పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా తొంభైకి తగ్గలేదు.

అతని ఇల్లు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. హాల్లో గోడకు వీణ, దానికి మూడే తీగలు. మేడ మీద ముప్పై కుండీల నిండా మట్టి, మొక్కలు లేవు. బల్ల మీద బెంగాలీ వాచకం, గుర్తుగా పెట్టిన కాగితం ఆరో పేజీలో. అలాంటివి మొత్తం పదిహేడున్నాయని అతని దగ్గర పనిచేసే లెక్కల నిపుణురాలు జమీలా ఒకసారి లెక్కపెట్టింది. జమీలాకు ముప్పై నాలుగేళ్ళు. ఆమె అంకె ఎప్పుడు చూసినా నలభై నాలుగు.

"నియమానికి పైన నాలుగు మెట్లున్నాను సార్, నాకు చాలు," అనేది.

ఆమె అన్నది నలభై నియమం గురించి. ఏడాదికి మించి సాగే ఏ పనిలోనైనా, వరసగా మూడు నెలలు నలభైకి తక్కువ చూపించినవారిని తప్పించి, ఎక్కువ అంకె ఉన్నవారిని పెట్టాలి. ఈ నియమాన్ని నడిపించేది పూనిక మండలి. అందులో ఇంకో షరతు కూడా ఉంది. యంత్రం తప్పు చూపిస్తోందని ఎవరైనా రాసిస్తే, తయారుచేసినవాడే స్వయంగా వెళ్ళి చూడాలి. మొదటి రోజుల ఉత్సాహంలో కౌస్తుభే పట్టుబట్టి దాన్ని రాయించాడు. పదకొండేళ్ళలో ఒక్కరూ రాయలేదు. అంకె తగ్గినవాళ్ళెవరూ తప్పు యంత్రానిదని అనుకోలేదు, తమదేనని కుంగిపోయారు.

అందుకే ఆ జనవరిలో వచ్చిన ఉత్తరాన్ని అతను రెండుసార్లు చదివాడు.

"అయ్యా, నా చేతికట్టు పాడయ్యింది. బాగుచెయ్యండి, లేదంటే పట్టుకుపోండి. ఉప్పునీళ్ళలో దురద కూడా పెడతంది. ఇట్లు, మేరుగు నూకరత్నం, ఆల్చిప్పల కట్ట, మూడో ముక్క, గంగలమ్మపేట."

గంగలమ్మపేట కాకినాడకు ఎగువన, ఉప్పాడ వైపు ఉంది. ఆ తీరాన్ని సముద్రం ఎప్పటినుంచో కొరుక్కు తింటోంది. రాతిగోడలు నిలవలేదు. అందుకని తీరాన్ని ముక్కలుగా పంచి, ఒక్కో ముక్కలో బతికున్న గోడ కట్టడం మొదలుపెట్టారు. కొబ్బరిపీచు సంచుల్లో పాత ఆల్చిప్పలు నింపి నీటిలో వరసలుగా పేరిస్తే, వాటి మీద పిల్ల ఆల్చిప్పలు అతుక్కుని పెరుగుతాయి. తొమ్మిదేళ్ళకు అవన్నీ ఒకదానికొకటి కరుచుకుని కట్ట అవుతుంది, అలను విరిచేస్తుంది. ఆ తొమ్మిదేళ్ళూ ఆటుకు నీరు వెనక్కి తీసిన ప్రతిసారీ మనిషి దిగి సంచులు తిప్పాలి, బురద దులపాలి, ఆల్చిప్పల్ని తొలిచే నత్తల్ని ఏరాలి. ఒక నెల మానేస్తే బురద కప్పేస్తుంది, పిల్ల ఆల్చిప్పలన్నీ చస్తాయి.

కౌస్తుభ్, జమీలా వెళ్ళేసరికి ఒడ్డున ఏడు శిలాఫలకాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య తాళ్ళు కట్టి ఎవరో వలలు ఆరేసుకున్నారు.

"ఇవేమిటి?" అన్నాడు కౌస్తుభ్.

"నాలుగో ముక్క సార్. ఏడుసార్లు మొదలైంది."

"పని ఎంతవరకు వచ్చింది?"

"ఫలకాలు ఏడూ అయ్యాయి సార్."

"సరైన మనుషులు దొరికుండరు."

"ఏడుగురూ తొంభై దాటినవాళ్ళే," అంది జమీలా.

ఆ పక్కనే మూడో ముక్క. ఆరేళ్ళ కట్ట నీటిపైకి నల్లగా, గరుగ్గా తేలి కనిపిస్తోంది. మోకాటి లోతు నీళ్ళలో ఒకావిడ వంగి సంచులు తిప్పుతూ, ఆల్చిప్పల్నీ సముద్రాన్నీ తన నడుమునీ కలిపి తిడుతోంది. వీళ్ళను చూసి తల పంకించింది గానీ పైకి రాలేదు.

"అలా ఫలకం మీద కూకోండి. నీరెక్కేలోపు ఈ వరస అవ్వాలి," అని కేకేసింది.

పూనికమాపి కనిపెట్టిన డాక్టర్ కౌస్తుభ్ గంటన్నరసేపు మూడో శంకుస్థాపన మీద కూర్చున్నాడు. నలభై ఆరేళ్ళ నూకరత్నం పని ముగించుకుని వచ్చి, చేయి తుడుచుకుని ముందుకు చాచింది. అంకె పంతొమ్మిది. కౌస్తుభ్ పెట్టెలోంచి ప్రమాణ యంత్రం తీసి సరిచూశాడు. అదీ పంతొమ్మిదే చెప్పింది.

"యంత్రం బాగానే ఉందమ్మా. మీకే పని మీద పూనిక లేదు," అన్నాడు నొప్పించకుండా.

"ఉందని నేనెప్పుడన్నానండీ?"

"మరి ఉత్తరం ఎందుకు రాశారు?"

"పనవుతంది కదండి. పనవుతుంటే ఇదేమో లేదంటది. అంటే ఇదే కదండి పాడయ్యింది?"

కౌస్తుభ్ ప్రమాణ యంత్రాన్ని పెట్టెలో సర్దాడు. ఇంకో వైపునుంచి అడిగాడు. "ఈ పనంటే మీకు ఇష్టమేనా?"

"ఇట్టమేటండి బాబూ! చేతులు కోసుకుపోతాయి. నడుం పట్టేత్తది. దీని ఎనకాల నా ఇల్లుంది, అదీ సంగతి. నాలుగో ముక్క ఎనకాల మా అక్క ఇల్లుండేది. రెండేళ్ళ కింద సముద్రం ఎత్తుకుపోయింది. ఇప్పుడు అక్క నా దగ్గరే ఉంటంది."

ఈ తీరంలో పాత పనివాళ్ళకు కట్టు పెట్టించింది మొన్న నవంబరులోనే. నెలాఖరుకు మూడు నెలలు నిండుతాయి, నూకరత్నాన్ని తప్పించాలి. ఆమె చోటుకు రాజమహేంద్రవరం నుంచి అంకె తొంభై మూడున్న ఒకాయన వస్తున్నాడు. బుధవారం పది నలభై రెండుకు ముహూర్తం. ఎనిమిదో ఫలకం చెక్కించడం కూడా అయిపోయింది. మిగిలింది యంత్రం సరిగ్గానే ఉందని కౌస్తుభ్ పెట్టాల్సిన సంతకం ఒక్కటే. అతను కాగితం తీశాడు.

"అన్నం తిని పెట్టండి సంతకం. పారిపోద్దా ఏటి?" అంది నూకరత్నం.

ఆమె ఇంట్లో వేడన్నంలో రొయ్యల పచ్చడి వేసింది. కౌస్తుభ్ మూడు ముద్దలు తిని, "ఇలాంటి పచ్చడి నా జన్మలో తినలేదమ్మా," అన్నాడు. నూకరత్నం ముఖం వెలిగిపోయింది.

"మా అక్కా నేనూ ఈ పచ్చడి యాపారం పెడదామనుకుంటన్నామండి! సీసాలు కూడా అనుకున్నాం. మూత ఎర్రది పెట్టాలా పచ్చది పెట్టాలా అనే ఇంకా..."

ఆమె చేతికట్టు కిచకిచమంది. ముగ్గురూ దాని వంక చూశారు. తొంభై ఒకటి.

"ఎప్పుడు పెడతారు?" అంది జమీలా మెల్లిగా.

"పదేళ్ళ నించీ అనుకుంటన్నామండి."

జమీలా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కౌస్తుభ్ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు అతను సంతకం పెట్టలేదు.

విశాఖకు తిరిగొచ్చాక ఇద్దరూ పరిశోధనాలయంలోని పాత గణనయంత్రం ముందు కూర్చున్నారు. దాని పేరు గుమాస్తా. అడిగినదానికి సమాధానం చెబుతుంది, అడగనిది చెప్పదు.

"గుమాస్తా, పూనికమాపికి మొదట శిక్షణ ఇచ్చిన కొలతలు ఎక్కడివి?" అన్నాడు కౌస్తుభ్.

"నలభై వేల మందివి. ఇళ్ళ శంకుస్థాపనల్లో పదకొండు వేలు. ఉగాది నాటి సంకల్పాలు తొమ్మిది వేలు. మిగతావి దుకాణాల ప్రారంభోత్సవాలు, వ్యాయామశాలలో మొదటి రోజు, సంగీతంలో మొదటి పాఠం."

"ఏ వేళప్పుడు తీసినవి?"

"ముహూర్తానికి అరగంట ముందు నుంచి భోజనాల దాకా. భోజనాల తర్వాత కొలతలు లేవు."

"ఎందుకు లేవు?"

"నాకు తెలియదు. మీ బృందం తిరిగి రాలేదు."

కౌస్తుభ్‌కు గుర్తొచ్చింది. ప్రతిచోటా బూరెలు, పులిహోర, గడ్డపెరుగు. తిన్నాక అందరూ వ్యానెక్కి నిద్రపోయేవారు.

యంత్రానికి పూనిక అంటే ఏమిటో పుట్టుకతో తెలియదు. మనం ఉదాహరణలు చూపించి నేర్పాలి. మనిషిలో పూనిక నిండుగా ఉండే గడియ ఏదని ఆనాడు బృందంలో అందరినీ అడిగాడు. అందరూ తెలుగువాళ్ళే, అందరూ ఒకే మాట చెప్పారు: కొబ్బరికాయ కొట్టేటప్పుడు. ఆరంభశూరులన్న పేరు మనకు ఊరికే రాలేదు కదా. తరవాతి రోజులు కూడా కొలుద్దామని ఒక్కరికీ తోచలేదు.

"వీళ్ళలో మొదలుపెట్టిన పని పూర్తి చేసినవాళ్ళెంతమంది?" అని జమీలా అడిగింది.

"పూర్తి అనే గడి నా దగ్గర లేదు," అంది గుమాస్తా. "పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు."

ఇద్దరూ కూర్చుని ఆ నలభై వేల మందిలో ఆరు వందల మందికి ఫోన్లు చేశారు. తొమ్మిది రోజులు పట్టింది. ముహూర్తం నాడు తొంభై దాటినవాళ్ళలో పని పూర్తి చేసింది నూటికి ఏడుగురు. తమ సొంత ప్రారంభోత్సవంలో కూడా నలభైకి తక్కువ చూపించినవాళ్ళలో నూటికి యాభై ఎనిమిది మంది.

"మనం పదకొండేళ్ళుగా కొలుస్తున్నది పూనిక కాదు సార్. మొదటి పూట సంబరం," అంది జమీలా. "పని ఆగిపోగానే అంకె పడిపోయిందని మనిషిని మారుస్తున్నాం. కొత్త మనిషి మళ్ళీ కొబ్బరికాయ కొడుతున్నాడు. అంకె లేస్తోంది. అందరికీ యంత్రం నిజమే చెప్పినట్టు కనిపిస్తోంది."

అంకె తగ్గి పనులు పోయిన వేలమంది కౌస్తుభ్‌కు గుర్తొచ్చారు. సిగ్గుతో ఒళ్ళు వేడెక్కింది.

మండలిలో ఏడుగురు సభ్యులు, ఏడుగురూ తొంభై పైవాళ్ళే. వీళ్ళు తెచ్చిన లెక్కలు చూసి, ఆరు వందల ఫోన్లతో నియమం మారదని తేల్చారు. "తీరం పొడవునా పనిచేసే రెండు వందల మందిని ఏడాదిపాటు, భోజనాల తర్వాత కూడా, ప్రతిరోజూ కొలిచి తెండి. అప్పటిదాకా మూడో ముక్కలో ఆవిడ ఉండవచ్చు. వచ్చే ఫిబ్రవరి పదిహేను, ఉదయం పదకొండు గంటలకు నివేదిక మీ చేత్తో మీరే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆవిడ దిగిపోవాల్సిందే."

"తప్పకుండా ఇస్తాను!" అన్నాడు కౌస్తుభ్. కట్టు మీద తొంభై ఎనిమిది వెలిగింది.

బయటికొచ్చాక జమీలా మెట్ల మీద కూలబడింది.

"సార్, మీరు ఒక్క పనైనా పూర్తి చేశారా?"

"పూనికమాపి పూర్తి చేశాను కదా."

"అదీ భోజనాల దాకానే చేశారు సార్. ఆవిడ ఇల్లు ఇప్పుడు మీ చేతిలో ఉంది. తొంభై ఎనిమిదున్న మనిషి దొరికాడు ఆవిడకి. నాకు భయంగా ఉంది."

మొదటి వారం కౌస్తుభ్ ఏడు రంగుల దస్త్రాలు కొన్నాడు, గోడ నిండా తీరం పటం అతికించాడు. ప్రతి సాయంత్రం ఇద్దరూ చెరో వంద మందికి ఫోన్ చేసేవారు. పనైందా? అయిందండి. ఎంత? నలభై సంచులు. వారానికోసారి వెళ్ళి కళ్ళారా చూసి లెక్కపెట్టాలి, ఎందుకంటే మనవాళ్ళు అయిందండి అన్నంత మాత్రాన అయినట్టు కాదు. మూడో వారానికి అతని అంకె ఎనభై. రెండో నెలకు అరవై ఒకటి. జూన్‌లో ఒకరోజు ముప్పై ఏడు.

అతను కట్టు విదిలించి చూశాడు. ప్రమాణ యంత్రంతో సరిచూశాడు. తరవాత చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

జులైలో ఒక కబురొచ్చింది. కొండ మీద కొత్త పరిశోధనాలయం, కలల్ని కొలిచే స్వప్నమాపి, దానికి అతనే అధిపతి, శంకుస్థాపన శ్రావణంలో. చదువుతుండగానే కట్టు కిచకిచమని తొంభై ఏడు చూపించింది. ఎన్నాళ్ళకో ప్రాణం లేచొచ్చినట్టయింది అతనికి. ఇక నివేదిక సంగతి జమీలా చూసుకుంటుంది, మండలిని ఎలాగోలా ఒప్పించవచ్చు అనుకున్నాడు. ఆ మాట నూకరత్నానికి తనే చెప్పాలని గంగలమ్మపేట వెళ్ళాడు.

ఆమె నీళ్ళలో ఉంది. అతను ఒడ్డున నిలబడి కొత్త పని గురించి చెప్పాడు. ఆమె సంచి తిప్పుతూనే వింది.

"మంచి పనే అయ్యుంటాది. ఎల్లండి," అంది.

తిడుతుందనుకుని వచ్చినవాడికి అది మరీ కష్టమైంది. కదలలేక అక్కడే నిలబడ్డాడు.

"నూకరత్నం గారూ, మీకు విసుగు రాదా?"

"రాకేటండి! రోజూ వత్తాది, నాకంటే ముందే లేత్తాది. దాన్నీ నాతోపాటే నీళ్ళలోకి తీసుకొచ్చేత్తాను. ఒడ్డున కూకోబెట్టి, అది పోయాక దిగుదామంటే మాత్రం అయ్యేపని కాదండి. అది పోదు, నీరు ఆగదు." ఆమె నడుం నిటారు చేసుకుంది. "ఎలాగూ వచ్చారు కదా. ఆ చివర వరస మీరు తిప్పండి. నాకు ఈ పూట నడుం లేత్తలేదు."

కౌస్తుభ్ ప్యాంటు మడిచి దిగాడు. నలభై సంచులు. పదో సంచికి వేలు తెగింది. ఇరవయ్యో సంచికి ఎందుకు దిగానా అనుకున్నాడు. ముప్పయ్యో సంచికి అదీ అనుకోవడం మానేశాడు. చివరిది తిప్పి వెనక్కి చూస్తే వరస మొత్తం తిరిగి ఉంది. మణికట్టు మీద ఇరవై రెండు. నీరు నెమ్మదిగా ఎక్కి ఆ వరసను కప్పుతుంటే అతను చూస్తూ నిలబడ్డాడు. అలా అయిపోయిన పనిని చూడటం అతనికి కొత్త, కళ్ళు చెమ్మగిల్లాయి.

కొండ మీది ఉద్యోగం వద్దని ఆ సాయంత్రమే రాసేశాడు. మర్నాడు ఫోన్లు చేస్తుంటే విసుగు మామూలుగానే వచ్చింది.

అక్టోబరు చివర్లో వాయుగుండం పట్టింది. నాలుగో ముక్క దగ్గర సముద్రం ఫలకాల మీదుగా లోపలికొచ్చి వీధిలో మోకాటి లోతు నిలిచింది. మూడో ముక్క వెనక నూకరత్నం వాకిట్లో ముగ్గు కూడా చెరగలేదు. కట్టలో మాత్రం రెండు వరసలు చెదిరిపోయాయి. మర్నాడు పొద్దున్నే ఆమె దిగి వాటిని పేర్చడం మొదలుపెట్టింది, చేతి మీద పద్దెనిమిది. పక్కన ఎవరూ పిలవకుండానే వచ్చిన కౌస్తుభ్ సంచులు అందిస్తున్నాడు.

ఫిబ్రవరి పదిహేను వచ్చింది. నాలుగు వందల పేజీల నివేదిక చంకలో పెట్టుకుని కౌస్తుభ్, సాక్షిగా నూకరత్నం, వెనక జమీలా మండలి భవనానికి వెళ్ళారు. పదిన్నరకే తలుపు ముందు నిలబడ్డారు. కౌస్తుభ్ చేయి చూపించాడు. ఇరవై ఒకటి.

"క్షమించండి," అంది తలుపు. "మండలి ముందు మాట్లాడాలంటే అరవై ఉండాలి. మీకు ఈ పని మీద పూనిక చాలదు. ఎక్కువ పూనిక ఉన్నవారిని పంపగలరు."

పదకొండేళ్ళ కింద ఎంతో ఉత్సాహంగా రికార్డు చేసిన కౌస్తుభ్ గొంతే అది.

అతను మళ్ళీ చూపించాడు. తలుపు అదే మాట మళ్ళీ చెప్పింది. జమీలా నలభై నాలుగు సరిపోలేదు. నూకరత్నం పద్దెనిమిదికి తలుపు క్షమించమని కూడా అనలేదు. పావుతక్కువ పదకొండయింది. తలుపు బాదితే కావలివాడు వచ్చి, తలుపుదే తుది మాటని చెప్పి వెళ్ళిపోయాడు. ఏడాది పొడుగునా లాక్కొచ్చిన పని చెక్కతలుపు ముందు ఆగిపోయింది.

"ఏవండీ, నన్ను పచ్చడి గురించి అడగండి," అంది నూకరత్నం ఉన్నట్టుండి.

"ఇప్పుడు పచ్చడేమిటమ్మా?"

"అడగండి! మీకూ ఏదో ఒకటి ఉండే ఉంటది కదా, ఎప్పుడో చేద్దామనుకుని ఊరుకున్నది."

"పదిహేడున్నాయి," అంది జమీలా.

కౌస్తుభ్‌కు అర్థమైంది. కళ్ళు మూసుకున్నాడు. వీణ. కొత్త తీగలు వేయించాలి. ఈసారి మంచి గురువును పెట్టుకోవాలి. రోజూ తెల్లవారుజామున గంట... కాదు, రెండు గంటలు. వచ్చే ఉగాదికల్లా కచేరీ! కట్టు నలభై అంది, డెబ్బై రెండు అంది, తొంభై నాలుగు అంది.

"మీ పూనికకు జోహార్లు," అంది తలుపు, తెరుచుకుంది. నూకరత్నం మూత ఎర్రదా పచ్చదా అనుకుంటూ తొంభైతో లోపలికి నడిచింది. తెరిచిన తలుపులోంచి జమీలా ఊరికే దూరిపోయింది.

కౌస్తుభ్ నివేదికను బల్ల మీద పెట్టాడు.

"అయ్యా, ఇందాక ఈ తలుపు నన్ను రానివ్వలేదు. ఏడాదిపాటు ఒక్కరోజు మానకుండా చేసిన పని చేతిలో ఉంటే రానివ్వలేదు. వీణ నేర్చుకుంటానని అనుకున్నాను, తెరుచుకుంది. వీణ నేను పద్నాలుగేళ్ళ నుంచీ నేర్చుకుంటాననుకుంటూనే ఉన్నాను. నా నివేదిక ఇంతే. మిగతా నాలుగు వందల పేజీలూ దీనికి లెక్కలు."

సభ్యులు తమ తమ మణికట్ల వంక చూసుకున్నారు. ఒకరిద్దరు, బహుశా ఇంట్లో గోడకు వేలాడే వీణలు గుర్తొచ్చి, చేతులు బల్ల కిందికి దించారు. ఆ నెలలోనే నలభై నియమం రద్దయింది.

తప్పు దిద్దిన కొత్త పూనికమాపిని కౌస్తుభే చేశాడు. అది మధ్య రోజుల్ని కూడా చూస్తుంది కాబట్టి, కట్టుకున్న ఏడాదికి గానీ అంకె చెప్పదు. పదివేల మంది ఎగబడి కట్టుకున్నారు. మూడో నెలకల్లా తొమ్మిది వేల మంది విప్పేశారు. చివరిదాకా మిగిలినవాళ్ళకు ఏడాది నిండాక అంకె కనిపించింది గానీ, చాలామంది దాన్ని చూడటం మరిచిపోయారు. అప్పటికి వాళ్ళకు చేతి నిండా పనుంది. మూడో ఏట ఆ తయారీశాల మూతపడింది. విశాఖలో మనుషులు ఎదురుపడితే మళ్ళీ "బాగున్నారా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే కౌస్తుభ్ ఒకసారి గంగలమ్మపేట వెళ్ళాడు. మూడో ముక్క తొమ్మిదేళ్ళు నిండి తన కాళ్ళ మీద తాను నిలబడింది. నూకరత్నం ఇప్పుడు నాలుగో ముక్కలో దిగుతోంది. చెక్కించి పెట్టిన ఎనిమిదో ఫలకాన్ని పడుకోబెట్టి, దాని మీద ఆల్చిప్పలు కడుగుతున్నారు. కౌస్తుభ్ జేబులో పాత కట్టు ఒకటి ఉంది. సరదాకి ఆమె చేతికి పెట్టాడు.

"దురద పెడతాదండి."

"ఒక్క నిమిషం. మీ పచ్చడి వ్యాపారం సంగతేమిటి?"

తొంభై పైన చూద్దామని వంగాడు. ఇరవై నాలుగు. అతని మనసు చివుక్కుమంది.

"అయ్యో, ఆ ఆలోచన మానేశారా?"

నూకరత్నం అతన్ని వింతగా చూసింది. ఇంట్లోకి వెళ్ళి ఎర్ర మూత సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

"మానేయడమేటండి, మొదలెట్టి మూణ్ణెల్లయ్యింది. ఈ వారం ముప్పై సీసాలు. రొయ్యలు ఒలిచీ ఒలిచీ వేళ్ళు పోతన్నాయి. అక్కకీ నాకూ రోజూ గొడవే."

కౌస్తుభ్ సీసాను పట్టుకుని గట్టిగా నవ్వాడు. తరవాత కట్టు తన మణికట్టుకు పెట్టుకుని వీణను తలుచుకున్నాడు. ఐదు నెలలుగా అవే సరళీ వరసలు, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు, వేలి చివర కాయ కాసింది. ఇరవై.

"ఎందుకండీ నవ్వుతన్నారు?" అంది నూకరత్నం.

"వీణ వచ్చేస్తుందేమోననిపిస్తోందమ్మా."

ఆమెకు అదేమిటో అర్థం కాలేదు, అడగనూ లేదు. సముద్రం వైపు చూసి తలగుడ్డ బిగించుకుంది.

"నీరు తీసేసిందండి. వచ్చారు కదా, ఓ వరస తిప్పి పోండి."

కౌస్తుభ్ కట్టు విప్పి సీసా పక్కన పెట్టి, ప్యాంటు మడుచుకున్నాడు.